జాబితాలో లేని ఇల్లు: ఒక యువ రచయిత్రికి లేఖ

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ శ్రద్ధగా చదివాను. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను కొట్టిన రోజున, ఈ నగరంలో ఉన్నవాళ్లెవరైనా నీ కథలోని గాలి చప్పుడును వెంటనే గుర్తుపడతారు. ఆ పేజీలలో మార్చవలసిందేమీ నాకు కనిపించలేదు. నా అభ్యంతరమంతా గాలి ఆగిన తరవాత నువ్వు రాసిన దాని గురించే. పెదజాలరిపేటలో ఒక ముసలి మత్స్యకారుడు, బియ్యం సంచితో ఫోటో దిగడానికి వచ్చిన ఒక నాయకుడు, ముసలివాడు ఆ సంచిని ఇసకలో విసిరికొట్టడం, పేటంతా చప్పట్లు కొట్టడం: ఇది చదివిన పాఠకుడికి కోపం వస్తుంది, ఆ కోపం నాయకుడి మీదికి పోతుంది, కథ అయిపోయేసరికి చల్లారిపోతుంది. ఆ నాయకుడు చెడ్డవాడు కాకపోయి ఉంటే ముసలివాడికి న్యాయం జరిగేదని నీ కథ నమ్మిస్తోంది. నేనలా నమ్మను. నాయకుడు ఉత్తముడైనా, ఉద్యోగులు దయగలవాళ్లయినా, ఆ ఇంటికి వచ్చేదాంట్లో పెద్ద తేడా ఉండదు. ఎందుకు ఉండదో రాయడమే నువ్వు తలకెత్తుకోవలసిన పని.

నీ కథలో ఒక పాత్ర "తుపానుకు పేదా గొప్పా తేడా తెలీదు" అంటుంది. గాలికి తెలియకపోవచ్చు. ఆ రోజు విమానాశ్రయం పైకప్పే చెదిరిపోయింది; బీచ్ రోడ్డు అపార్టుమెంట్ల అద్దాలూ జాలరిపేట రేకులూ ఒకే పూట పగిలాయి. అయితే అద్దాల ఇంటికి ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చాడు, రేకుల ఇంటికి నష్టం నమోదు చేసుకునే ప్రభుత్వ ఎన్యూమరేషన్ బృందం వచ్చింది. సర్వేయరు ఎంత పోయిందని అడుగుతాడు. బృందం ముందుగా అడిగేది, ఈ ఇల్లు నీదేనని కాగితం ఉందా అని. పోయినదాన్ని బట్టి గాక, పోకముందు కాగితం మీద ఉన్నదాన్ని బట్టి సహాయం కొలవడమే ఈ వ్యవహారం మొత్తానికి మూలసూత్రం. ఈ సూత్రంలో ఎవరి కులమూ రాసి ఉండదు, ఎవరి మీదా ద్వేషం ఉండదు. అందుకే దీన్ని కథలో పట్టుకోవడం కష్టం.

కేంద్ర హోంశాఖ 2022-26 కాలానికి ఇచ్చిన విపత్తు సహాయ ప్రమాణాల పట్టిక తెప్పించుకుని చదువు. నీరసంగా ఉంటుంది, అయినా ఓపిక పట్టు. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. గుడిసెకు 8,000. కొంతమేరకు దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4,000. గుడిసె అంటే కచ్చా ఇంటికన్నా తక్కువ రకానిదనీ, గడ్డితో, మట్టితో, ప్లాస్టిక్ షీట్లతో తాత్కాలికంగా వేసుకున్నదనీ ఆ కాగితమే వివరిస్తుంది. పైగా అది అనుమతి ఉన్న కట్టడమేనని అధికారి ధ్రువీకరించాలన్న షరతు కూడా ఉంది. సముద్రం ఒడ్డున, గెడ్డ పక్కన, కొండవాలులో పోరంబోకు స్థలాల్లో తరాలుగా బతుకుతున్నవాళ్లకు ఈ షరతు ఏం చేస్తుందో నీకు వేరే చెప్పనక్కర లేదు. ఒక కుటుంబానికి ఉన్నదంతా ఆ గుడిసే అయినప్పుడు అది పోవడమంటే నూటికి నూరు పోవడం. పట్టికకు మాత్రం అది 8,000 రూపాయల నష్టం.

ఇప్పుడు ఈ అంకెలను ఒక ఇంటి ముందుకు తీసుకుపోయి చూడు. నేను చూసిన ఒక ఇంటికి పైకప్పు లేదు, ఒక పక్క గోడ కూలింది, మూడు గోడలు నిలిచి ఉన్నాయి. వీఆర్వో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒళ్లో అట్ట పెట్టుకుని ఫారం నింపుతున్నాడు. ఇంటావిడ బియ్యం డబ్బాలోంచి ఒక పాలిథిన్ కవరు తీసి, దాంట్లోంచి తడిసిన రేషన్ కార్డు, ఆధార్ కార్డు, ఎప్పుడో పోయిన అత్తగారి పేరుమీద వస్తున్న కరెంటు బిల్లు ఒకటొకటిగా ఆయన చేతికిచ్చింది. ఆయన గోడల వంక చూసి, "గోడలు నిలిచే ఉన్నాయి కదమ్మా, పూర్తిగా పోయిందని రాస్తే పైన ఒప్పుకోరు" అన్నాడు. ఆ మాటలో కాఠిన్యం లేదు, నొచ్చుకుంటూనే అన్నాడు. పక్కింటావిడ వెనకనుంచి "రాత్రికి ఆ గోడలు కూడా తోసేసుంటే పోయేది కదే" అంది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అది పరిహాసం కాదు, సలహా. ఇల్లు నిలబెట్టుకున్నందుకు నష్టపోయి, కూలదోసుకుంటే లాభపడే లెక్క ఎవరు రాశారో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. నీ కథలోని బియ్యం సంచి దృశ్యానికి ఉన్న బలం ఈ దృశ్యంలో పదో వంతు ఖర్చుతో వస్తుంది.

అద్దెకున్నవాళ్లను మరిచిపోకు. ఒక డోర్ నంబరు కింద మూడు నాలుగు కుటుంబాలు అద్దెకుంటే ఇంటి నష్టం ఇంటిగలవాడికి పోతుంది. వాళ్ల గిన్నెలకూ బట్టలకూ ఏదో కొద్దిగా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. బోటు పోతే బోటు యజమానికి పరిహారం ఉంటుంది, ఆ బోటు మీద వేటకు పోయే కలాసీకి బోటు లేదు గనుక పోయిందేమీ లేదు. పంట పోతే పాసుపుస్తకం ఉన్నవాడి పేరు ఎక్కుతుంది, చేతిలో గుర్తింపు కార్డు లేని కౌలు రైతు అప్పు మాత్రం తన పేరుమీదే ఉంటుంది. గంపలో చేపలు పెట్టుకుని వీధివీధికీ తిరిగే ఆడవాళ్లు ఎండబెట్టుకున్న సరుకంతా పోగొట్టుకున్నా, దానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

కథతో పాటు రాసిన ఉత్తరంలో నువ్వు అమెరికాలో కత్రినా తుపాను సంగతి ఎత్తి, అక్కడ జాతి, ఇక్కడ కులం, రెండూ ఒకటే అని తేల్చేశావు. అంత తొందరగా తేల్చకు. రెండూ ఒకటేనని చెప్పే వాక్యం రెండింటినీ చూడకుండా తప్పించుకోవడానికి పనికొస్తుంది. 2005 ఆగస్టు 29న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిందేమిటో ముందు తెలుసుకో. నగరంలో సుమారు 80 శాతం నీట మునిగింది, అది వాన వల్ల కాదు; ప్రభుత్వ ఇంజనీర్లు కట్టిన కరకట్టలు లోపభూయిష్టంగా ఉండి తెగిపోవడం వల్ల. ఊరు ఖాళీ చేయమన్నారు, కారున్నవాళ్లు ఖాళీ చేశారు. కారు లేనివాళ్లలో ఎక్కువమంది నల్లజాతి పేదలు. మూడు రోజుల తరవాత వాళ్లలో కొందరు నడిచి నది మీది వంతెన దాటి అవతలి ఊరికి పోబోతే, అక్కడి పోలీసులు తలల మీదుగా తుపాకులు పేల్చి వెనక్కి పంపారు. ఇది అందరికీ కనిపించిన జాత్యహంకారం. కెమెరాలకు అందింది, పుస్తకాలలోకి ఎక్కింది.

నిన్ను చదవమనేది దాని తరవాత జరిగినదాన్ని. ఇళ్లు తిరిగి కట్టుకోవడానికి లూసియానా రాష్ట్రం 'రోడ్ హోమ్' అనే పథకం పెట్టింది. తుపానుకు ముందు ఇంటి మార్కెట్ విలువ, ఇప్పుడు బాగుచేయడానికి అయ్యే ఖర్చు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని బట్టి గ్రాంటు లెక్క కట్టింది. నల్లజాతి వాడల్లో, చట్టమే జాతుల్ని విడదీసి ఉంచిన కాలం నుంచీ, అదే కొలతల ఇంటికి విలువ తక్కువ. ఇటుకకూ సిమెంటుకూ మేస్త్రీ కూలికీ మాత్రం అన్ని వాడల్లోనూ ఒకటే ధర. కాబట్టి తెల్లజాతి వాడలో ఇల్లు లేచింది, నల్లజాతి వాడలో పునాది దగ్గర డబ్బు అయిపోయింది. ఆ సూత్రంలో జాతి అన్న మాటే లేదు. బాధితులూ గృహవివక్ష మీద పోరాడే సంస్థలూ కోర్టుకు పోతే 2011లో గాని రాజీ కుదరలేదు. మన పట్టికలో గుడిసెకు 8,000 అని రాసిన చేతికీ ఆ సూత్రం రాసిన చేతికీ ఒకరి ఊసు ఒకరికి తెలియదు. అయినా రెండు చోట్లా పాత అన్యాయమే కొత్త సహాయానికి కొలబద్ద అయింది. నీకు పోలిక కావాలంటే అక్కడ ఉంది, 'రెండూ ఒకటే' అన్న మాటలో లేదు.

కులం చేసే పని వేరుగా ఉంటుంది. 2004 డిసెంబరు సునామీ తరవాత నాగపట్నం తీరంలో దళితులను సహాయ శిబిరాల్లో కలవనివ్వని చోట్లు ఉన్నాయి, నీళ్ల దగ్గర వేరు చేసిన చోట్లు ఉన్నాయి. పడవలు లేవు గనుక చాలా చోట్ల వాళ్లను సునామీ బాధితులుగానే లెక్కించలేదు. శవాలను ఎత్తడానికి మాత్రం ఇతర మునిసిపాలిటీల నుంచి పారిశుధ్య కార్మికులను తెచ్చారు, వాళ్ల కులమేమిటో అడగనక్కర లేదు. నష్టపోయినవాళ్లలోనే ఒకరిని ఇంకొకరు తోసేసిన ఈ సంగతి మనకు ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ తోసేసినవాళ్లూ సర్వం పోగొట్టుకున్న మత్స్యకారులే. నీ కథలో పేదలందరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. హుద్‌హుద్ తరవాత ఈ నగరపు రోడ్ల మీద కూలిన చెట్లనూ కుళ్లిన చెత్తనూ ఎత్తినవాళ్లెవరో, వాళ్ల సొంత ఇళ్ల పైకప్పుల సంగతి ఏమైందో, తరాలుగా పారిశుధ్య పని చేస్తున్న రెల్లి కులస్థుల వీధుల్లోకి పోయి కనుక్కుంటే నీకు ఇంకో కథ దొరుకుతుంది. నగరం వాళ్లకు శాలువాలు కప్పిందేమో గాని, కాంట్రాక్టు ఉద్యోగాన్ని పర్మనెంటు చేయడానికి మాత్రం శాలువాలు చాలవు.

చావుల లెక్క గురించి కూడా ఒక మాట. నీ కథ చివర ప్రభుత్వం చావుల సంఖ్య దాచిపెట్టిందని ఒక విలేకరి చేత అనిపించావు. దాచడం కూడా జరుగుతుంది, కాదనను. ఎక్కువసార్లు జరిగేది లెక్కలోకి రాకపోవడం. ప్యూర్టో రికో ద్వీపాన్ని 2017 సెప్టెంబరులో మరియా తుపాను కొట్టినప్పుడు అధికారిక మృతుల సంఖ్య 64 దగ్గర నెలల తరబడి ఆగిపోయింది. ఆ తరవాతి ఏడాది అధ్యయనం జరిపించి దాన్ని 2,975కు సవరించారు. మిగిలినవాళ్లు గాలికి కొట్టుకుపోలేదు. కరెంటు లేక, మందులు అందక, ఆసుపత్రికి దారి లేక తరవాతి నెలల్లో పోయారు. ఆ ద్వీపవాసులు అమెరికా పౌరులే, అయినా ఆ ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటు వేసే హక్కు లేనివాళ్లు. మన తీరంలో ఇదే సంగతి ఇంకో రూపంలో వస్తుంది. వేటకు పోయి తిరిగిరానివాడికి శవం లేదు, శవం లేకపోతే మరణ ధ్రువపత్రం లేదు, అది లేకపోతే మృతుడి కుటుంబానికి రావలసిన నాలుగు లక్షలు లేవు. కనబడకుండా పోయినవాడిని చట్టం చనిపోయినట్టు భావించడానికి సాధారణంగా ఏడేళ్లు పడుతుంది. పెద్ద ఉపద్రవాల తరవాత ప్రభుత్వాలు ఈ నిబంధనను సడలించిన సందర్భాలు ఉన్నాయి, కానీ ఒకే ఒక్క బోటు పోయినప్పుడు సడలించమని అడిగే గొంతు ఎవరిది?

గిరిజనులుండే ఏజెన్సీ కొండలను నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. హుద్‌హుద్ అరకు, పాడేరు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను పెళ్లగించింది, ఆ చెట్లతో పాటు మిరియాల తీగలూ పోయాయి. అయినా తుపాను అనగానే నగరంలో కూర్చున్న మనకు సముద్రమే గుర్తొస్తుంది. రోడ్డు ఉన్న ఊరికే మంత్రి వస్తాడు, మంత్రి వచ్చిన ఊరికే విలేకరి వస్తాడు, విలేకరి వచ్చిన ఊరి మీదే రచయిత కథ రాస్తాడు. ఈ వరసలో మనం చివర ఉన్నాం గాని బయట లేము.

భాష విషయంలో ఒక దిద్దుబాటు. నీ మత్స్యకారులు అచ్చమైన యాసలో మాట్లాడుతున్నారు, డిప్యూటీ తహసీల్దారు మాత్రం పాఠ్యపుస్తకంలా మాట్లాడుతున్నాడు. ఆయనది శ్రీకాకుళమో విజయనగరమో అయి ఉంటుంది, ఇంట్లో ఆయన మాట కూడా ఆ పేట మాటలాగే ఉంటుంది. ఒకరి మాటను యాసగా, ఇంకొకరి మాటను భాషగా రాయడం వల్ల ఎవరు ఎవరికన్నా పైనున్నారో నువ్వే తీర్పు చెప్పేశావు. ఆయన కూడా యాసలోనే, దయగానే, "రాయలేనమ్మా" అంటే ఆ దృశ్యం ఇంకా భారంగా ఉంటుంది.

చివరగా పని చెబుతాను. సహాయం ప్రకటించిన రోజుకన్నా లబ్ధిదారుల జాబితా వార్డు కార్యాలయం గోడ మీద అంటించిన రోజు నీకు ముఖ్యం. ఈసారి తుపాను వచ్చినప్పుడు ఆ గోడ దగ్గర ఒక పూటంతా నిలబడు. పేరు వెతుక్కునే వేలు ఎక్కడ ఆగుతుందో, లేనివాళ్లు ముందుగా ఎవరినడుగుతారో, అభ్యంతరాల దరఖాస్తు ఎవరిచేత రాయించుకుంటారో రాసుకో. పాత జాబితాలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడుగు. మండల కార్యాలయంలో రుసుము ఐదు రూపాయలే, జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన కాగితాల్లో ఉన్న మనుషుల అసలు పేర్లు మాత్రం కథలో వాడకు.

రెండో ప్రతిలో బియ్యం సంచి తీసేసి, ఎన్యూమరేషన్ దృశ్యాన్ని పెట్టు. నాయకుడు ఉండవచ్చు గాని ఒక పేజీ మించి వద్దు. ముసలివాడి కోడలికి మొదటి ప్రతిలో పేరు లేదు, ఆమె చేత ఒక్క మాటా అనిపించలేదు. ఆ ఇంట్లో కాగితాలన్నీ దాచేది ఆమే గనుక కథ ఆమె వైపు నుంచి నడిపితే ఎలా ఉంటుందో ప్రయత్నించు. దసరా లోపల పంపగలిగితే సెలవుల్లో చదువుతాను.

నీ శ్రేయోభిలాషి