ఎస్తెటీషియన్ కోర్సుకు అప్పు చేయాలా? ముందు ఈ లెక్కలు చూసుకోండి

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నా వయసు 34. మావారు హెచ్‌1బీ వర్క్ వీసా మీద పనిచేస్తున్నారు. జీతం ఏడాదికి లక్షా 18 వేల డాలర్లు. నాకు హెచ్‌4 (డిపెండెంట్ వీసా) మీద ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు ఉంది, గడువు ఇంకో 16 నెలలు. పిల్లలిద్దరూ బడికి వెళ్తారు. విజయవాడలో ఆరేళ్లు బ్యూటీపార్లర్ నడిపాను, డిప్లొమా కూడా ఉంది. ఇక్కడ ఫేషియల్, వ్యాక్సింగ్ లాంటి పనులకు కావాల్సిన ఎస్తెటీషియన్ లైసెన్సు తీసుకోవాలని స్కూల్లో అడిగితే కిట్‌తో కలిపి 11,900 డాలర్లు అన్నారు. దీనికి 13.5 శాతం వడ్డీతో అయిదేళ్ల ప్రైవేటు లోన్ ఇప్పిస్తారట. లేదంటే చేరేటప్పుడు 3,500, ఆ తర్వాత నెలకు 840 చొప్పున పది నెలలు వడ్డీ లేకుండా కట్టొచ్చట. మా దగ్గర 22 వేల డాలర్ల పొదుపు ఉంది, నెల ఖర్చు 5,200. లోన్ తీసుకుని పొదుపు కదపకుండా ఉంచుకోమంటారా? లైసెన్సు వచ్చాక సొంతంగా సూట్ (విడి సెలూన్ గది) అద్దెకు తీసుకుందామనుకుంటున్నాను.

జవాబు: కోర్సులో చేరండి, లోన్ మాత్రం వద్దు. సూట్ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 11,900 డాలర్ల ఫీజు కాదు, ఈఏడీకి మిగిలిన 16 నెలలు. మీ నిర్ణయాలన్నీ ఆ తేదీ చుట్టూనే తిరగాలి.

మొదట డిప్లొమా సంగతి. మన దేశంలో బ్యూటీషియన్‌కు సర్టిఫికెట్ ఉంటుంది గానీ ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఉండదు. కాబట్టి ఇక్కడికి బదిలీ చేసుకోవడానికి మీ చేతిలో లైసెన్సు అంటూ ఏమీ లేదు. టెక్సాస్‌లో ఈ వృత్తిని చూసే రాష్ట్ర లైసెన్సుల శాఖ టీడీఎల్‌ఆర్ ఎస్తెటీషియన్‌కు 750 గంటల శిక్షణ, రాత పరీక్ష, ప్రాక్టికల్ పరీక్ష అడుగుతుంది. మీ ఆరేళ్ల అనుభవం చేతిపనిలో బాగా ఉపయోగపడుతుంది, గంటల లెక్కలో కాదు. పాత అనుభవానికి గంటలు తగ్గిస్తామని ఏ స్కూలైనా నోటిమాటగా చెబితే, ఆ మాట కాగితం మీదికి వచ్చేదాకా ఒక్క డాలరు కూడా కట్టకండి.

అయితే మీకు బాగా కలిసొచ్చే విషయం ఒకటుంది. థ్రెడింగ్ మాత్రమే చేసేవాళ్లకు టెక్సాస్‌లో ఈ లైసెన్సు అక్కర్లేదు. దారంతో కనుబొమలు తీయడానికి 750 గంటల చదువు ఎందుకని కొందరు థ్రెడింగ్ చేసేవాళ్లు కోర్టుకెక్కారు. ఆ గంటల్లో 320 దాకా థ్రెడింగ్‌తో సంబంధమే లేనివని గమనించిన టెక్సాస్ సుప్రీంకోర్టు, వాళ్ల విషయంలో ఆ షరతు రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని 2015 జూన్‌లో తీర్పు చెప్పింది. అంటే మీ చేతిలో ఉన్న పనితో ఈ నెల నుంచే సంపాదించవచ్చు. కానీ థ్రెడింగ్ దగ్గరే ఆగండి. ‘అప్పర్ లిప్ వ్యాక్స్ కూడా చేసెయ్యండి’ అని కస్టమర్ అడిగినా, యజమాని చెప్పినా ఒప్పుకోవద్దు. వ్యాక్సింగ్‌కూ ఫేషియల్‌కూ లైసెన్సు ఉండాల్సిందే. లైసెన్సు లేకుండా చేస్తే జరిమానా పడుతుంది, రేపు మీరు పెట్టుకునే దరఖాస్తుకూ అది అడ్డు రావచ్చు.

ఇప్పుడు లోన్ లెక్క చూద్దాం. 11,900 డాలర్లు 13.5 శాతం వడ్డీకి 60 నెలలు తీసుకుంటే నెలకు సుమారు 274 కట్టాలి. మొత్తం కట్టేది 16,400 పైచిలుకు, అందులో వడ్డీయే 4,500. వాయిదాల పద్ధతిలో అదే ఫీజుకు వడ్డీ సున్నా. నెలకు 840 ఎక్కడి నుంచి వస్తుందంటారా? థ్రెడింగ్ సెలూన్‌లో గంటకు 15 డాలర్ల చొప్పున వారానికి 15 గంటలు చేస్తారనుకుందాం. టిప్స్ కలపకుండా నెలకు 975 డాలర్లు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం పోను 900. దీనిమీద వచ్చే ఆదాయపు పన్నుకు టిప్స్‌లోంచి కొంత పక్కన పెట్టుకుంటే వాయిదా సాఫీగా వెళ్లిపోతుంది. పొదుపులోంచి తీయాల్సింది మొదటి 3,500 మాత్రమే. మిగిలే 18,500 మీ ఇంటికి మూడున్నర నెలల ఖర్చు. హెచ్‌1బీ ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు ఉంటుంది, మీ ఈఏడీ కూడా ఆ వీసా మీదే ఆధారపడి ఉంది. అందుకే ఆ 18,500లో మాత్రం చేయి పెట్టొద్దు.

‘ఫెడరల్ సహాయం దొరుకుతుంది’ అని స్కూల్లో ఎవరైనా అంటే అది మీకు వర్తించదు. పెల్ గ్రాంటు (తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ సహాయం), ఫెడరల్ స్టూడెంట్ లోన్ పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లలాంటి అర్హులైన విదేశీయులకే ఇస్తారు. హెచ్‌4 ఆ జాబితాలో లేదు. ఈ జవాబు చదువుతున్న గ్రీన్‌కార్డు పాఠకులకు ఒక మాట: ఇలాంటి కోర్సుల్లో పెల్‌ను గంటల నిష్పత్తిలో ఇస్తారు. 900 గంటలను ఏడాదిగా లెక్కించే స్కూల్లో, గరిష్ఠ గ్రాంటు 7,395 డాలర్లు ఉన్న ఏడాది 750 గంటల కోర్సుకు వచ్చేది దాదాపు 6,160. ప్రకటనలో కనిపించే అంకె మొత్తం చేతికి రాదు.

మీకు అందేది పన్ను రాయితీ. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్‌కు వీసా అడ్డు కాదు, పన్నుల లెక్కలో మీరు రెసిడెంటు అయి ఉండి ఇద్దరూ కలిసి రిటర్ను వేస్తే చాలు. కట్టిన ఫీజులో 20 శాతం నేరుగా పన్నులోంచి తగ్గుతుంది. అయితే ఒక ఏడాదిలో 10 వేల డాలర్ల ఫీజు వరకే లెక్కలోకి తీసుకుంటారు. ఉమ్మడి ఆదాయం లక్షా 60 వేలు దాటితే తగ్గడం మొదలై లక్షా 80 వేల దగ్గర ఆగిపోతుంది, మీరు దానికి చాలా దిగువనే ఉన్నారు. సెప్టెంబరులో చేరి డిసెంబరులోపే మొత్తం కట్టేస్తే క్రెడిట్ 2,000 దగ్గర ఆగుతుంది. అదే ఫీజు రెండు క్యాలెండర్ సంవత్సరాల మీద పడితే 11,900 మొత్తానికీ, అంటే 2,380 డాలర్లు వస్తుంది. దీనికి కోర్సు రెండో సగం జనవరిలో గానీ ఆ తర్వాత గానీ మొదలవ్వాలి, స్కూలు రెండు సగాలకూ విడివిడిగా బిల్లు ఇవ్వాలి. సాయంత్రం బ్యాచ్‌లో చేరితే అలా కుదిరే అవకాశం ఎక్కువ. కిట్‌ను తప్పనిసరిగా స్కూలు దగ్గరే కొనాలన్న నిబంధన ఉంటేనే దాని ధర ఇందులో కలుస్తుంది, బయట కొంటే కలవదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఈ క్రెడిట్ రావాలంటే ఆ స్కూలు ఫెడరల్ విద్యార్థి సహాయ పథకాల్లో చేరడానికి అర్హత ఉన్నదై ఉండాలి. మీకు ఆ సహాయం అందకపోయినా స్కూలుకు ఆ అర్హత ఉండాలి. ‘మీకు ఫెడరల్ స్కూల్ కోడ్ ఉందా? కట్టిన ఫీజు చూపే 1098-టి ఫారం ఇస్తారా?’ అని ఈమెయిల్‌లో అడగండి. లేదని చెబితే 2,380 డాలర్లు పోయినట్టే, అలాంటి స్కూలు ఫీజు ఆ మేరకు తక్కువైతే తప్ప చేరడంలో లాభం లేదు. ఈ కోర్సు ఫీజును తర్వాత వ్యాపార ఖర్చుగా చూపిద్దామనుకోవద్దు. కొత్త వృత్తిలోకి అర్హత సంపాదించే చదువును పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వ్యాపార ఖర్చుగా ఒప్పుకోదు.

సంతకం పెట్టే ముందు కాంట్రాక్టులో రెండు అంకెలు వెతకండి: కోర్సు ముగియాల్సిన తేదీ, ఆ తేదీ దాటాక ఒక్కో గంటకు వసూలు చేసే అదనపు రుసుము. సాయంత్రం బ్యాచ్‌లో వారానికి 20 గంటల చొప్పున 750 గంటలకు 37 వారాల పైన పడుతుంది. పిల్లల జ్వరాలు, సెలవులు, పండగలు కలిపితే పదకొండు నెలలు అనుకోండి. స్కూలు తొమ్మిది నెలలకే ముగింపు తేదీ రాసిందంటే మీరు అదనపు రుసుము కట్టడం దాదాపు ఖాయం. అందుకే ముందే తేదీని పొడిగించి రాయించుకోండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో, ఫీజు బాకీ ఉంటే చేసిన గంటలను వేరే స్కూలుకు బదిలీ చేయనిస్తారో లేదో కూడా అందులోనే ఉంటుంది. స్కూలు మీ గంటలను నెలనెలా టీడీఎల్‌ఆర్‌కు పంపాలి. వాటిని ఆన్‌లైన్‌లో మీరే చూసుకోవచ్చు. ప్రతి నెలా చూసి, తేడా ఉంటే ఆ వారమే అడగండి. ఆరు నెలల తర్వాత అడిగితే తేల్చుకోవడం కష్టం.

పగటి బ్యాచ్‌లో వారానికి 35 గంటలు చేస్తే 22 వారాల్లో అయిపోతుంది కదా అనిపిస్తుంది. నిజమే, కానీ పిల్లలు బడిలో ఉండే ఆ వేళే మీ థ్రెడింగ్ సంపాదన కూడా. 16 నెలల గడువు ఉంది కాబట్టి సాయంత్రం బ్యాచే మీకు సరి. కార్డు మీద 12 నెలల కన్నా తక్కువ ఉండుంటే పగటి బ్యాచ్‌కే వెళ్లమనేవాణ్ని. చేరడాన్ని మాత్రం రెండు నెలలకు మించి వాయిదా వేయకండి.

ఆపరేటర్ లైసెన్సు ధర కూడా అడిగి చూడండి. టెక్సాస్‌లో 1,000 గంటలు పూర్తిచేస్తే జుట్టు, చర్మం, గోళ్లు మూడూ చేయొచ్చు. కానీ 250 గంటలు ఎక్కువ కావడమంటే మీ లెక్కలో మరో మూడు నెలలు, ఈఏడీ గడువుకు అది మరీ దగ్గరైపోతుంది. హెయిర్ పని మీద గట్టి ఆసక్తి ఉంటే తప్ప వద్దనే నా అభిప్రాయం. లేజర్ కోర్సును ప్యాకేజీగా కలిపి అమ్మజూస్తే ఇప్పుడు కొనకండి. లేజర్‌తో వెంట్రుకలు తీయడానికి టెక్సాస్‌లో వేరే లైసెన్సు ఉంది. బొటాక్స్ లాంటి ఇంజెక్షన్లు ఎస్తెటీషియన్ పరిధిలోకే రావు.

మీవారి ఉద్యోగం ఎటు మారినా లైసెన్సు పనికొస్తుంది కదా అనుకోకండి. గంటలు రాష్ట్రానికో తీరు: కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో 600, జార్జియాలో 1,000, ఫ్లోరిడాలో ఫేషియల్ స్పెషలిస్టుకు 220. జార్జియా వైపు వెళ్లే అవకాశం ఉందేమో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

పరీక్షల్లో రెండింటిలోనూ 70 రావాలి. మీకు పని వచ్చు కాబట్టి ప్రాక్టికల్ తేలికనిపిస్తుంది, ఇబ్బంది అక్కడే. మన పార్లర్లలో వ్యాక్స్ కత్తిని డబ్బాలో పదేపదే ముంచుతాం. ఇక్కడ ఒకసారి చర్మానికి తగిలిన పుల్ల మళ్లీ వ్యాక్స్‌లోకి వెళ్లకూడదు, ప్రతిసారీ కొత్తది తీయాలి. కిందపడిన దూదిని తీసి వాడడం, చేతులు శుభ్రం చేసుకోకుండా ముఖం తాకడం, క్రీమును డబ్బాలోంచి వేలితో తీయడం, ఇవన్నీ మార్కులు పోయే చోట్లు. ఫెయిలైతే మళ్లీ ఫీజు, మళ్లీ తేదీ కోసం ఎదురుచూపు. కోర్సు మొదటి వారం నుంచే పాత అలవాటు మానుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది. లైసెన్సు రుసుము పెద్దదేం కాదు, రెండేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది.

ఇంత ఖర్చు తిరిగొస్తుందా? కార్మిక శాఖ గణాంకాల ప్రకారం ఈ వృత్తిలో మధ్యస్థ వేతనం గంటకు 20 డాలర్ల చుట్టూ ఉంది. థ్రెడింగ్‌కు మనం 15 అనుకున్నాం, తేడా 5. వారానికి 25 గంటలు, ఏడాదికి 50 వారాలు చేస్తే 6,250 ఎక్కువ, పన్నులు పోను 4,700 చేతిలో ఉంటుందనుకోండి. క్రెడిట్ తీసేశాక మీ నికర ఖర్చు పరీక్ష రుసుములతో కలిపి 9,700 దాకా. అంటే రెండేళ్లు. అంత వేగమేం కాదు, అయినా నేను చేయమనే అంటున్నాను. వ్యాక్సింగ్, ఫేషియల్ చేసేవాళ్లకు టిప్స్, పాత కస్టమర్ల రాక ఈ లెక్కకు అదనం. 2025 నుంచి 2028 దాకా ఏడాదికి 25 వేల డాలర్ల వరకు టిప్స్‌కు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, ఉమ్మడి రిటర్ను వేస్తే మీకూ వర్తిస్తుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ మాత్రం వాటి మీదా కట్టాలి. నెలలో టిప్స్ 20 డాలర్లు దాటితే తర్వాతి నెల 10వ తేదీలోగా యజమానికి లెక్క ఇవ్వాలి. కనీసం పన్ను రిటర్నులోనైనా చూపని టిప్స్‌కు మినహాయింపు అడగలేరు.

సూట్ విషయానికొస్తే: వారానికి అద్దె 250, ఫేషియల్ ధర 85, అందులో సామాను 12, కార్డు రుసుము రెండున్నర అనుకుంటే ఒక్కో దాని మీద 70 మిగులుతుంది. వారంలో మొదటి నాలుగు ఫేషియల్స్ అద్దెకే సరి. బీమా, తువ్వాళ్ల ఉతుకు, బుకింగ్ యాప్ ఆ తర్వాత. మిగిలినదాని మీద 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను, మూడు నెలలకోసారి అడ్వాన్సు పన్ను. క్రీములు అమ్మితే సేల్స్ ట్యాక్స్ పర్మిట్ కూడా ఉండాలి. సొంతంగా కస్టమర్లు లేకుండా మొదటిరోజే ఈ భారం నెత్తినేసుకుంటే పొదుపు కరిగిపోతుంది. ఏడాదైనా జీతం మీద చేయండి, వారానికి పదిమంది మీ పేరు అడిగి వచ్చేదాకా.

అన్నిటికీ మించి, ఈఏడీ లేని రోజు సొంత సూట్‌లో కూడా పని చేయకూడదు, అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే రెన్యువల్ దరఖాస్తులకు పాతరోజుల్లో ఉన్న 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు గడువుకు 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, అంటే మీకు ఇప్పటి నుంచి పదో నెల. మీవారి హెచ్‌1బీ పొడిగింపు, మీ హెచ్‌4, ఈఏడీ మూడూ ఒకేసారి వెళ్లేలా ఆయన కంపెనీ లాయరుతో ఎనిమిదో నెలలోనే మాట్లాడించండి. కార్డు రావడం ఆలస్యమైనా క్లాసులు ఆపనక్కర్లేదు, చదువుకు ఈఏడీ అవసరం లేదు. ఆగేది థ్రెడింగ్ జీతమే కాబట్టి, మూడు వాయిదాలకు సరిపడా 2,520 డాలర్లు టిప్స్‌లోంచి ముందే విడిగా దాచుకోండి. సూట్ అగ్రిమెంటు మీద సంతకం కొత్త కార్డు చేతికొచ్చాకే.