డీసీసీ పెంచితే పెప్టైడ్ దిగుబడి పెరుగుతుందా?

బోక్-ఫినైల్‌అలనిన్‌ను (ఎమీన్ కొనను బోక్ అనే రక్షణ సమూహంతో కప్పిన అమైనో ఆమ్లం) గ్లైసిన్ మిథైల్ ఎస్టర్ హైడ్రోక్లోరైడ్‌తో డీసీసీ (డైసైక్లోహెక్సైల్‌కార్బోడైఇమైడ్, ఆమ్లాన్ని ఉత్తేజపరిచే కారకం) వేసి కలిపితే సగం దిగుబడి కూడా రావడం లేదని, డీసీసీ ఇంకా పెంచాలా అని అడిగారు. పెంచకండి. విశాఖలో, పరవాడ వైపు ఒక ప్రయోగశాలలో చాలా ఏళ్లుగా పెప్టైడ్‌లు చేస్తున్నాను. ఇలాంటి సందర్భాల్లో నేను ఎక్కువగా చూసింది ఉత్తేజం చాలకపోవడం కాదు, ఉత్తేజితమైన ఆమ్లానికి (ఇక్కడ బోక్-ఫినైల్‌అలనిన్) సమయానికి ఎమీన్ (ఇక్కడ గ్లైసిన్ ఎస్టర్) అందకపోవడం.

ఆమ్లాన్నీ ఎమీన్‌నూ ఊరికే కలిపితే ప్రోటాన్ చేతులు మారి లవణం ఏర్పడుతుంది, కథ అక్కడే ఆగిపోతుంది. డీసీసీ చేరితే ఆమ్లం ఓ-ఎసైల్ ఐసోయూరియాగా మారుతుంది. రసాయన శాస్త్రవేత్తలు షీహన్, హెస్ 1955లో పెప్టైడ్‌లకు వాడి చూపిన దారి ఇదే. అది మహా చురుకైనది, ఓపిక లేనిది. ఎమీన్ దొరక్కపోతే తనలో తానే సర్దుకుని ఎన్-ఎసైల్‌యూరియాగా స్థిరపడుతుంది, ఇక పెప్టైడ్‌గా మారదు. మీ టీఎల్‌సీలో (పలుచని పొరపై పదార్థాలను మచ్చలుగా విడదీసే పరీక్ష) కనిపించే రెండో మచ్చ బహుశా అదే. మాస్ స్పెక్ట్రం (అణుభారం చూపే పరీక్ష) తీయించండి: ఆమ్లం అణుభారానికి 206 కలిసి కనిపిస్తే అనుమానం అక్కర్లేదు.

ఎమీన్ ఎందుకు దొరకదు? హైడ్రోక్లోరైడ్‌లో నైట్రోజన్ జంట ఎలక్ట్రాన్లు ప్రోటాన్‌కు చిక్కి ఉంటాయి. ఎన్-మిథైల్‌మార్ఫోలిన్ వంటి క్షారం వేసినట్టు మీరు రాయలేదు. వేయకపోతే ముందు చూడవలసింది అదే. అలాగని ఎస్టర్‌ను ముందే విడిపించి నిల్వ పెట్టకండి, రెండేసి అణువులు ముడిపడి డైకీటోపైపరజిన్ అవుతుంది. ఫ్లాస్కులోనే, అప్పటికప్పుడు విడిపించాలి.

నేను చేసే వరుస ఇది: ఆమ్లం, హెచ్‌ఓబీటీ (హైడ్రాక్సీబెంజోట్రయజోల్ అనే సహాయక కారకం), ఎస్టర్ లవణం, దానికి సమానమైన క్షారం. అన్నీ 0 డిగ్రీలకు చల్లబడ్డాక చివరగా డీసీసీ, ఆమ్లానికి 1.1 రెట్లు చాలు. కోనిగ్, గైగర్ 1970లో తెచ్చిన హెచ్‌ఓబీటీ ఆ చంచలమైన మధ్యస్థాన్ని కాస్త నిలకడైన క్రియాశీల ఎస్టర్‌గా మారుస్తుంది, రేసెమైజేషన్‌నూ (అమైనో ఆమ్లం తన అద్దపు ప్రతిబింబ రూపంతో కలగలిసిపోవడం) తగ్గిస్తుంది. బోక్ రక్షణ ఉన్న ఒక్క అమైనో ఆమ్లంతో ఆ భయం తక్కువే. రేపు పెప్టైడ్ ముక్కలను కలిపేటప్పుడు మాత్రం ఇది తప్పనిసరి అనుకోండి. పొడి హెచ్‌ఓబీటీకి పేలే గుణం ఉంది, వేడి చేసి ఆరబెట్టవద్దు.

జీవకణం కూడా ఈ జాగ్రత్తే పాటిస్తుంది. ఏటీపీతో ఉత్తేజపరచిన అమైనో ఆమ్లాన్ని టీఆర్‌ఎన్‌ఏకు (అమైనో ఆమ్లాన్ని మోసుకెళ్లే ఆర్‌ఎన్‌ఏ) అప్పగించేదాకా ఎంజైమ్ తన గుప్పిట్లోంచి వదలదు. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యమే.

మన సముద్రపు గాలిలో తేమ గురించి కూడా చెప్పాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. లోపలికి చేరిన నీరు ఉత్తేజిత ఆమ్లాన్ని మళ్లీ మామూలు ఆమ్లంగా మార్చేస్తుంది, డీసీసీ వృథా. డీసీసీ సుమారు 35 డిగ్రీలకే కరుగుతుంది, మే నెలలో ఏసీ లేని గదిలో సీసాలోనే ద్రవమై ఉంటుంది. చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. ఒకసారి అలర్జీ పట్టుకుంటే ఆ తరువాత కొద్దిపాటి స్పర్శకే దద్దుర్లు రావచ్చు. మా దగ్గర ఒకరు ఆ కారణంగా ఈ పనే మానుకోవలసి వచ్చింది.

తెల్లగా అడుగున చేరే డీసీయూను (డీసీసీ నుంచి మిగిలే యూరియా) వడకట్టాక, మిగిలినదాన్ని చల్లని ఇథైల్ ఎసిటేట్‌లో కరిగించి మరోసారి వడకట్టండి, తూకం ఆ తరువాతే. ఆ రెండో మచ్చ మాస్ ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.