ఈతలో వాచీ చూపే హార్ట్ రేట్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

పరిగెత్తేటప్పుడు 160 దాకా చూపించే వాచీ, ఫ్రీస్టైల్‌లో ఆయాసంతో రొప్పుతున్నప్పుడు 98 చూపిస్తోంది, పాడైంది వాచీనా, నా గుండెనా అని కదా మీ ప్రశ్న. ఒంట్లో బాగానే ఉండి అంకె మాత్రమే వింతగా ఉంటే టెన్షన్ పడకండి, ముందు అనుమానించాల్సింది సెన్సర్‌ని. నా వాచీ కూడా నేలమీద బుద్ధిగా ఉంటుంది, నీళ్లలోకి దిగితే దాని ఇష్టం. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపించడం ఉంటే మాత్రం అది వేరే సంగతి. వాచీ ఎంత చూపించినా సరే, ఈత ఆపి డాక్టర్ని కలవండి.

వాచీ వెనక ఉండే పచ్చ లైటు చర్మం మీద పడుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడి సన్నటి నాళాల్లో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది, ఆ మేరకు తిరిగొచ్చే వెలుగు మారుతుంది. చాలా చిన్న మార్పు అది. చెయ్యి నీటిని వెనక్కి లాగిన ప్రతిసారీ వాచీ రవ్వంత కదులుతుంది, సందులో నీళ్లు చేరతాయి. ఈ అల్లరిలో అసలు నాడి మునిగిపోతుంది, ఒక్కోసారి చేతి లయనే గుండె లయగా లెక్కేసుకుంటుంది. నీళ్లు చల్లగా ఉంటే మరీ కష్టం, చర్మం దగ్గరి నాళాలు ముడుచుకుపోయి, ఉన్న కాస్త సిగ్నల్ కూడా సన్నబడుతుంది. అలాంటప్పుడు వాచీ ఖాళీ గీతలు చూపిస్తే గొడవే లేదు. 98 అని నమ్మేలా చూపిస్తుంది చూశారూ, చిక్కంతా అక్కడే.

ఈత అయ్యాక గ్రాఫ్ తీసి చూడండి. ఈదుతున్నంతసేపూ గీత కిందే ఉండి, గోడ పట్టుకుని ఆగిన కాసేపటికి పైకి లేస్తోందా? గుండె చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అంటే చెయ్యి ఆగాకే సెన్సర్‌కి నాడి దొరుకుతోందన్నమాట. ఇంకా అనుమానంగా ఉంటే గట్టిగా ఒక ల్యాప్ కొట్టి, ఆగీ ఆగగానే మెడ దగ్గర వేళ్లు పెట్టి 10 సెకన్లు లెక్కపెట్టి 6తో గుణించండి. నిమిషమంతా లెక్కపెట్టొద్దు, ఆలోపే గుండె నెమ్మదిస్తుంది. ఒక్కటి అటూ ఇటూ అయితే 6 తేడా వస్తుంది, అయినా 98కీ 150కీ మధ్య తగువు తీరడానికి అది చాలు.

అలాగని పరుగులో వచ్చే 160 ఈతలోనూ రావాలని చూడకండి. పడుకున్న భంగిమ, నీటి ఒత్తిడి, చల్లదనం కలిసి, అంతే శ్రమకి ఈతలో చాలామందికి 10 నుంచి 15 దాకా తక్కువే ఉంటుంది. పరుగు కోసం పెట్టుకున్న జోన్లు, అంటే ఏ శ్రమకి హార్ట్ రేట్ ఎంత ఉండాలనే హద్దులు, ఇక్కడ పనికిరావు.

వాచీని మణికట్టు ఎముక దాటించి కాస్త పైకి జరిపి, బిగించి పెట్టుకుంటే కొంత మెరుగవుతుంది. కొంతే. నాకు బాగా పనిచేసింది కణత దగ్గర పెట్టుకునే సెన్సర్. పోలార్ వెరిటీ సెన్స్ లాంటివి గాగుల్స్ పట్టీకి తగిలించుకోవచ్చు. అదీ లైటుతో పనిచేసేదే, కాకపోతే తల చెయ్యంతగా ఊగదు, పట్టీ దాన్ని చర్మానికి అదిమి ఉంచుతుంది. చెస్ట్ స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి కదలికల గోల తక్కువ. కానీ బ్లూటూత్ నీళ్లలో దాదాపు పోదు, అందుకని సొంత మెమరీ ఉన్నదే కొనండి. పైన బట్ట లేకుండా ఈదే మగవాళ్లకి గోడని తన్నినప్పుడల్లా అది నడుముకి జారుతుంది, ఆ చిరాకు ముందే చెబుతున్నా.

ట్రైనింగ్ కోసమే అయితే నేను హార్ట్ రేట్ వదిలేసి పేస్, అంటే 100 మీటర్లకి పట్టే సమయం, చూస్తాను. బాగా వార్మప్ అయ్యాక 400 మీటర్లు, విశ్రాంతి తర్వాత 200 మీటర్లు, రెండూ మీ శక్తికొద్దీ ఈదండి. 400కి 9 నిమిషాలు, 200కి 4 నిమిషాల 20 సెకన్లు పట్టిందనుకుందాం. 200 మీటర్ల దూరానికి తేడా 280 సెకన్లు, దాన్ని సగం చేస్తే 100 మీటర్లకి 2 నిమిషాల 20 సెకన్లు. దీర్ఘమైన సెట్లలో (మధ్యమధ్య ఆగుతూ వరసగా ఈదే ల్యాపుల్లో) మీ వేగానికి అదే హద్దు. ల్యాపులూ సమయమూ వాచీ బాగానే లెక్కపెడుతుంది, వాటికి వాడుకోండి. చివర్లో చూపించే క్యాలరీలు, రికవరీ గంటలు కూడా చాలావరకు ఆ తప్పు హార్ట్ రేట్ నుంచి తీసినవే, నేనైతే వాటివైపు చూడను.