కొట్టు కట్టేసే ముందు పది నిమిషాలు

ప్రశ్న: మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాగా చేస్తున్నాను. సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), రైతుల చెల్లింపులతో తల వేడెక్కిపోతుంది. రాత్రి 11కి పడుకున్నా ఒంటిగంట దాకా అవే కళ్ల ముందు తిరుగుతాయి. రోజుకి ఆరేడు టీలు తాగుతాను. మందుల్లేకుండా దారి ఉందా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంది. ముందు టీ సంగతి చూడండి. అందులోని కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగింది మీరు పడుకునే వేళకి సగం మిగిలే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక టీ వద్దు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది, రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి. అందరూ టీ తాగేటప్పుడు మీరు మజ్జిగ తెప్పించుకోండి.

ఇక లెక్కలు. ఎక్కడ మర్చిపోతామోనన్న భయమే వాటిని పక్క మీదికి లాక్కొస్తుంది. కొట్టు కట్టేసే ముందు పది నిమిషాలు కూర్చుని మిగిలిన పనులు కాగితం మీద పెట్టండి. ‘రైతు చెల్లింపు’ అని రాస్తే చాలదు. ‘పొద్దున తొమ్మిదికి షావుకారుని చెక్కు అడగాలి’ అన్నంత వివరంగా ఉండాలి. మొదట ఏం చేయాలో తేలని పని మనసుని వదలదు.

పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే మంచం దిగండి. గడియారం చూడొద్దు, ఫోన్ ముట్టుకోవద్దు. మసక వెలుతురులో కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ పడుకోండి. ఎప్పుడు నిద్రపట్టినా పొద్దున మాత్రం ఒకే వేళకి లేవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఆదివారం తొమ్మిదిదాకా పడుకుంటే ఆ రాత్రి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: ఆందోళన తగ్గుతుందని దీర్ఘశ్వాస తీస్తుంటే తల తిరుగుతోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఎందుకు? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గాలి మరీ బలంగా లాగుతున్నట్టున్నారు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి ఈ తిమ్మిర్లు వస్తాయి. మామూలుగానే, ముక్కుతో 4 లెక్కపెడుతూ పీల్చండి, 6 లెక్కపెడుతూ వదలండి. బిగబట్టొద్దు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. 5 నిమిషాలు చాలు. ఊపిరి ఊరికే తీసుకుంటున్నప్పుడు కూడా ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే వెంటనే డాక్టరుకి చూపించుకోండి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.