ముందు ఆ ఆరెంజ్ పిన్ను ఎక్కడ గుచ్చారో చూడండి

పాత 5.1 కంప్యూటర్ స్పీకర్లున్నాయి (ఐదు స్పీకర్లు, గుమ్మని మోగే ఒక వూఫర్), సినిమాల కోసం కంప్యూటర్ నుంచి వాటికి సౌండ్ పంపే సౌండ్ కార్డు కొనాలా, లేక ఇవి అమ్మేసి సౌండ్‌బార్ తెచ్చుకోవాలా అని అడిగారు. అమ్మకండి. మీ సెట్‌లో సెంటర్ స్పీకర్ ఉంది. 5.1 సినిమాలో డైలాగులు చాలావరకు దాన్లోంచే రావాలి. చవక సౌండ్‌బార్లలో చాలావాటికి అసలు ఆ సెంటర్ ఛానెలే ఉండదు.

మా ఇల్లు విశాఖ ఎంవీపీ కాలనీలో. సెట్ కొన్నప్పుడు కొట్టువాళ్లు ఒక కుర్రాణ్ణి పంపితే, పావుగంటలో వైర్లన్నీ గుచ్చేసి, ఒక పాట పెట్టి చూపించి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అందరం సినిమాకి కూర్చున్నాం. మ్యూజిక్ వస్తున్నంతసేపూ బ్రహ్మాండం. హీరో నోరు తెరిచాడు, గొంతేమో సోఫా వెనక, పూజ గది గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. అమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "ఎనకాల ఎవలో మాటాడతన్నార్రా!" నాన్నగారు మాత్రం తొణకలేదు. "సరౌండ్ అంటే అదేనే, జగదాంబ హాల్లో కూడా ఇంతే" అని ఆవిడకి సర్దిచెప్పారు. నేనూ జగదాంబలో బోలెడు సినిమాలు చూశాను. అక్కడ హీరో ఏనాడూ బాల్కనీ వెనక నుంచి మాట్లాడలేదు. హాల్లో మాట తెర మధ్యలోంచి వస్తుంది, స్పీకర్ తెర వెనకే ఉంటుంది కాబట్టి. మా ఇంట్లోనేమో బాంబు పేలితే వూఫర్ కిక్కురుమనలేదు, వెనక కుడి పక్క బుల్లి స్పీకర్ గిలగిల్లాడింది. ఇంటర్వెల్ దాకా అమ్మ మెడ తిప్పుతూనే ఉంది.

క్యాబినెట్ ముందుకి లాగి చూస్తే నల్ల పిన్ను ఆరెంజ్ రంధ్రంలో, ఆరెంజ్ పిన్ను నల్లదాన్లో ఉన్నాయి. ఆకుపచ్చది ముందు స్పీకర్లకి, నల్లది వెనకవాటికి, ఆరెంజ్ సెంటర్‌కీ వూఫర్‌కీ. రంగులు చూసి గుచ్చాల్సిన పనికి కూడా ఓపిక లేకపోతే ఎలా? కొట్టుకి ఫోన్ చేస్తే "సౌండ్ వస్తోంది కద్సార్" అన్నారు.

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని సౌండ్‌కి వెళ్లి, మీ స్పీకర్లని ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కి, 5.1 పెట్టుకుని, ఒక్కో స్పీకర్ బొమ్మ మీద నొక్కి చూడండి. ఏది ఎక్కడ మోగుతోందో అక్కడే తేలిపోతుంది.

ఇక కార్డు సంగతి. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు వెనక మూడు ఆడియో రంధ్రాలే ఉన్నా, చాలావాటిలో డ్రైవర్‌లో (సౌండ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో) మార్చుకుంటే నీలం, పింక్ రంధ్రాలు కూడా అవుట్‌పుట్ అవుతాయి. అప్పుడు కార్డు దండగ. ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ కార్డు కొనండి, కానీ డబ్బా మీద 7.1 అని రాసున్న ప్రతిదాన్నీ నమ్మకండి. ఒకటే హెడ్‌ఫోన్ రంధ్రం పెట్టి 7.1 అని అమ్మేస్తున్నారు, పట్టపగలు మోసం. స్పీకర్లకి కనీసం మూడు అవుట్‌పుట్ రంధ్రాలుండాలి.

బొమ్మ కోసం కంప్యూటర్‌ని హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే సౌండ్ కూడా టీవీలోకి పోవడం మామూలే. విండోస్‌లో డీఫాల్ట్‌గా మళ్లీ మీ స్పీకర్లనే పెట్టుకోండి. స్పీకర్లని టీవీ హెడ్‌ఫోన్ రంధ్రానికి తగిలిస్తే మాత్రం వచ్చేది రెండు ఛానెళ్లే.

ఓటీటీల గురించి నన్ను కదపకండి. నెలనెలా డబ్బులు కడతాం, బ్రౌజర్‌లో చూస్తే చాలాసార్లు ఉత్త స్టీరియోనే. యాప్‌లో 5.1 వస్తుందేమో చూసి, అందులోనే చూడండి.

విశాఖలో సముద్రం దగ్గరున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. ఉప్పు గాలికి పిన్నులు చిలుం పడతాయి. ఒక పక్క సౌండ్ ఆగిపోగానే స్పీకర్ పోయిందని పారేయకండి, స్విచ్ కట్టేసి, పిన్ను తీసి, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి మళ్లీ పెట్టండి. మా పై ఫ్లాటాయన పారేయబోతున్న సెట్టు అలాగే బాగైంది. ఇప్పుడాయన వూఫర్ దెబ్బకి మా ఫ్యాను ఊగుతోంది.