అలాస్కా క్రూజ్: కంపెనీ పేరు చివర్లో చూడండి, ముందు షిప్ వెళ్ళే దారి చూడండి

మీరు అడిగింది ఇదీ: జూలైలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు, ఆరేళ్ళు, పదేళ్ళు ఉన్న ఇద్దరు పిల్లలు, సియాటిల్ నుంచి ఏడు రాత్రుల ట్రిప్. నార్వేజియన్, రాయల్ కరీబియన్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, వీటిలో ఏ కంపెనీ? పెద్ద షిప్పా, మీడియం షిప్పా?

మేం రెండుసార్లు వెళ్ళాం. 2019లో నాలుగు వేల మంది పట్టే షిప్‌లో, ఫ్రెండ్స్ కుటుంబాలతో, సియాటిల్ నుంచి. 2023లో రెండు వేల మంది షిప్‌లో, మా అత్తయ్యగారు, మామయ్యగారితో, కెనడాలోని వాంకూవర్ నుంచి. ఖర్చులో పెద్ద తేడా లేదు. మళ్ళీ పెద్దవాళ్ళతో వెళ్ళాల్సి వస్తే మాత్రం రెండో రకమే బుక్ చేస్తాను.

మొదటి ట్రిప్‌లో పిల్లలకి పండగే. షిప్ పైన గో కార్ట్‌లు కావాలంటే నార్వేజియన్ బ్లిస్‌లో ఉన్నాయి, బంపర్ కార్లు కావాలంటే రాయల్ కరీబియన్ వాళ్ళ ఓవేషన్‌లో ఉన్నాయి. మా వాళ్ళు రోజంతా ఆటల్లోనే. అలాస్కా ఏదని అడిగితే కిటికీ వైపు వేలు చూపించేవాళ్ళు. నాకు చిరాకు తెప్పించింది గ్లేసియర్ (కొండల మీంచి నెమ్మదిగా కదిలొచ్చే మంచు నది) చూసే రోజు. మా షిప్ ఒక సన్నటి ఫియోర్డ్‌లోకి (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) వెళ్ళాలి. నీళ్ళలో ఐస్ ముక్కలు ఎక్కువగా ఉన్నాయని క్యాప్టెన్ మధ్యలోనే వెనక్కి తిప్పేశారు. ఆయన్ని తప్పు పట్టలేం. కానీ ఆ కాస్తలోనైనా రెయిలింగ్ దగ్గర నిలబడదామంటే మూడు వరసల జనం. నేను చూసిందల్లా ఎవరిదో సెల్ఫీ స్టిక్, దాని వెనక నీలంగా ఒక గీత.

అందుకే చెప్తున్నా, వెబ్‌సైట్‌లో షిప్ ఫొటోలు పక్కన పెట్టి, రూట్‌లో "గ్లేసియర్ బే" అన్న మాట ఉందో లేదో చూడండి. అది నేషనల్ పార్క్. రోజుకి రెండు పెద్ద క్రూజ్ షిప్‌లనే లోపలికి రానిస్తారు. ఆ అనుమతులు ఎక్కువగా ప్రిన్సెస్, హాలండ్ అమెరికా దగ్గర ఉన్నాయి, నార్వేజియన్‌కి కొన్ని ఉన్నాయి. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ అనే ఇంకో కంపెనీ ఎక్కువగా హబ్బర్డ్ గ్లేసియర్‌కో, ఎండికాట్ ఆర్మ్ అనే ఫియోర్డ్‌కో వెళ్తాయి. హబ్బర్డ్ కూడా చిన్నదేం కాదు, నీళ్ళని తాకే మంచు గోడే దాదాపు ఆరు మైళ్ళ వెడల్పు. అయితే అక్కడ కూడా ఐస్ అడ్డం వస్తే దూరం నుంచే చూసి రావాలి.

2023లో మేం గ్లేసియర్ బేకి వెళ్ళిన పొద్దున చిన్న పడవలో పార్క్ రేంజర్లు వచ్చి, తాడు నిచ్చెన పట్టుకుని మా షిప్ ఎక్కారు. ముందు డెక్ తెరిచి అందరికీ వేడి వేడి బఠాణీ సూప్ పోశారు. (శాకాహారులు అడిగి తాగండి, ఆ సూప్‌లో మామూలుగా పంది మాంసం వేస్తారు.) మా మామయ్యగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు. మంకీ క్యాప్, పైన శాలువా, ఆ పైన నా భర్త రెయిన్ కోటు. ఆయన గ్లేసియర్ వైపు కాదు, నీళ్ళ వైపే చూస్తున్నారు. పాలు కలిపినట్టు ఆకుపచ్చగా, తెల్లగా ఉన్నాయి. మంచు కదులుతూ కింది రాయిని పిండిలా అరగదీస్తుందని, ఆ పిండే నీళ్ళలో తేలుతుందని రేంజర్ మైకులో చెప్తే నేను తెలుగులో చెప్పాను. "అయితే ఇదీ కొత్తనీరేనమ్మా, మనది ఎరుపు, వీళ్ళది తెలుపు" అన్నారు. కాసేపటికి మార్జరీ గ్లేసియర్ నుంచి ఒక పెచ్చు ఊడి పడింది. ముందు చప్పుడే లేదు, పడటం కనిపించింది. ఆ తర్వాత పిడుగు పడ్డట్టు మోత. అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. షిప్ అక్కడ తనే నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి ఎడమ వైపు గదా, కుడి వైపు గదా అని బుర్ర పాడుచేసుకోకండి. బాల్కనీకి మాత్రం డబ్బులు పెట్టండి, చలికి తట్టుకోలేనప్పుడు పెద్దవాళ్ళు గదిలోంచే చూస్తారు.

ఇక సైజు. రెండు వేల మంది షిప్ పొడవులో మరీ చిన్నదేం కాదు, నడక ఇక్కడా ఉంటుంది. తేడా జనంలో. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, లిఫ్ట్ కోసం పావుగంట నిలబడటం ఆవిడ వల్ల కాదు. ఈ షిప్‌లో ఆ బాధ తప్పింది. దారిలో అలాస్కా ఊళ్ళలో దిగేటప్పుడూ అంతే. కెచికాన్‌లో కొన్ని పెద్ద షిప్‌లు ఊరికి ఏడు మైళ్ళ అవతల వార్డ్ కోవ్‌లో ఆగుతాయి, అక్కణ్ణుంచి బస్సు ఎక్కాలి. ఏ షిప్ ఏ రేవులో ఆగుతుందో ముందే అడగండి. స్కాగ్వేలో పెద్దవాళ్ళని వైట్ పాస్ రైలు ఎక్కించండి. బంగారం వేటగాళ్ళ కాలంలో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన లైను. ఇరవై మైళ్ళలో దాదాపు మూడు వేల అడుగులు ఎక్కుతుంది, కూర్చుని చూడటమే తప్ప నడక లేదు.

అరవై, వంద మంది పట్టే చిన్న షిప్‌లు కూడా ఉన్నాయి, కయాక్‌లు, రబ్బరు పడవలు అన్నీ ఉంటాయి. ధర చాలా ఎక్కువ, మెట్లూ ఎక్కువ. మీ ట్రిప్‌కి కాదు.

వాంకూవర్ నుంచి బయలుదేరితే ఇంకో సుఖం. షిప్ వాంకూవర్ దీవికీ తీరానికీ మధ్య నుంచి వెళ్తుంది, నీళ్ళు చెరువులా ఉంటాయి. సియాటిల్ షిప్‌లు చాలావరకు దీవికి బయటి నుంచి, పసిఫిక్ మీదుగా వెళ్తాయి. 2019లో మొదటి రాత్రి మాలో ముగ్గురు వాంతులతోనే గడిపారు.

భోజనం గురించి టెన్షన్ వద్దు. మొదటి రాత్రే డైనింగ్ హాల్ హెడ్ వెయిటర్‌కి చెప్తే మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం వచ్చాయి. ఉప్పు కారం మన లెక్కలో ఉండవు. ఇంట్లో వండినవి షిప్‌లోకి తేనివ్వరు, సీల్ చేసిన కందిపొడి ప్యాకెట్లకి మాకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

అసలు ముందే రాయాల్సింది చివర్లో రాస్తున్నా. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగినా మీ వాళ్ళకి కెనడా వీసా కావాలి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న షిప్ మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాల్సిందే, అందుకే చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు షిప్ దిగకపోయినా వీసా ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి పాస్‌పోర్ట్, కార్డు చాలు, హెచ్1 (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్న ఇండియన్లకి కెనడా వీసా తప్పదు. మాకు తెలిసిన ఒక కుటుంబం చెక్-ఇన్ కౌంటర్ దాకా సూట్‌కేసులతో వెళ్ళి వెనక్కి వచ్చేసింది, డబ్బులు కూడా తిరిగి రాలేదు.

నా సలహా: గ్లేసియర్ బే ఉన్న రూట్, రెండు నుంచి మూడు వేల మంది షిప్, ప్రిన్సెస్ లేదా హాలండ్ అమెరికా. మీ పిల్లల వయసుకి ప్రిన్సెస్‌లో సందడి కాస్త ఎక్కువ. వీలైతే వాంకూవర్ నుంచి. ఇవన్నీ తర్వాత, ముందు అమ్మానాన్నల కెనడా వీసాకి ఈ వారమే అప్లై చెయ్యండి.