తొంభై రోజుల గడువుకి ఏడాది లీజా?

ప్రశ్న: మే నెలలో షికాగోలో ఎంఎస్ పూర్తి చేశాను. జూన్ 1 నుంచి ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పనిచేయడానికిచ్చే అనుమతి) మొదలవుతుంది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఇల్లినాయ్‌లోనే జంట ఊళ్లయిన బ్లూమింగ్టన్-నార్మల్‌లో ఉన్న ఫ్రెండ్ అక్కడ అద్దెలు తక్కువని, ఐటీ కాంట్రాక్టులు దొరుకుతాయని, వచ్చెయ్యమని అంటున్నాడు. అక్కడి యూనివర్సిటీ పక్కన ఇద్దరం ఏడాది లీజుకు అపార్ట్‌మెంట్ తీసుకుంటే నా వాటా నెలకు 750 డాలర్లు, డిపాజిట్ మరో 750. వేసవికి ఊరెళ్తున్న స్టూడెంట్ ఒకరు జూలై ఆఖరు వరకు తన గదిని నెలకు 400కి ఇస్తానన్నాడు కానీ అది బాగా ఇరుకు. నా దగ్గర 4,200 డాలర్లు ఉన్నాయి. ఇంటి మీద 28 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది. కారుకీ డిపాజిట్‌కీ నాన్నగారు తెనాలిలో తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తానంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. నాన్నగారు నోటు మీద సంతకం పెట్టకముందే ఫోన్ చేసి చెప్పండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

ఊరు మారడాన్ని నేను తప్పు పట్టను. స్టేట్ ఫామ్ ఇన్సూరెన్స్ కంపెనీ హెడ్డాఫీసు బ్లూమింగ్టన్‌లోనే ఉంది, ఆ కాంట్రాక్టుల మీద స్థిరపడిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఇబ్బంది ఎక్కడంటే, చదువైపోయిన పిల్లలు ముందు ఇల్లు, తర్వాత కారు, ఆ తర్వాత ఉద్యోగం అనే వరసలో వెళ్తున్నారు, చేతిలో ఉన్న డబ్బంతా మొదటి రెండింటికే అయిపోతోంది.

మీ లెక్కే చూడండి. డిపాజిట్ కట్టాక మిగిలేది 3,450. అద్దె 750, తిండీ ఫోనూ బస్సూ కలిపి పొదుపుగా 300, హెల్త్ ఇన్సూరెన్స్‌కి 250 వేసుకుంటే నెలకు 1,300. అంటే ఆగస్టు మూడో వారానికి అకౌంట్ ఖాళీ. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు, జూన్ 1 నుంచి లెక్కేస్తే ఆగస్టు 29 వరకు. గడువుకన్నా ముందే డబ్బు అయిపోతోందన్నమాట! పైగా ఆఫర్ వచ్చిన రోజే జీతం రాదు, కాంట్రాక్టు ఉద్యోగాల్లో మొదటి చెక్కు చేతికొచ్చేసరికి ఇంకో నెల పైనే పట్టొచ్చు. ఉద్యోగం రాక ఇండియాకి తిరిగొచ్చేసినా లీజు మాత్రం మిగిలిన నెలలకీ మీ మెడకే ఉంటుంది, ఇద్దరూ ఒకే లీజు మీద సంతకం పెడితే మీ ఫ్రెండ్ వెళ్లిపోయినప్పుడు అతని వాటా కూడా మిమ్మల్నే అడుగుతారు.

ఇరుకని వద్దనుకున్న ఆ 400 గదినే తీసుకోండి. నెలకు 950తో గడుస్తుంది, జూలై ఆఖరుకి చేతిలో ఇంకా 2,300 ఉంటాయి. ఆ డబ్బే మీ ఎమర్జెన్సీ ఫండ్, దాన్ని కారుకి అడ్వాన్సుగా ఇవ్వొద్దు, ట్రైనింగ్ పేరుతో ఫీజు అడిగే కన్సల్టెన్సీ వాళ్లకి అసలే ఇవ్వొద్దు. ఆ గదిని మీకివ్వడానికి ఓనర్ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకుని మరీ గదిలో దిగండి. ఆగస్టులో స్టూడెంట్ లీజులు మారతాయి కాబట్టి అప్పటికి ఉద్యోగం ఉంటే మంచి ఇల్లే చూసుకోవచ్చు, లేకపోతే మళ్లీ ఎవరి గదిలోనో సర్దుకోవాలి. ఇంటర్వ్యూలన్నీ వీడియోలోనే జరుగుతున్నాయంటే ఆఫర్ వచ్చేవరకు షికాగోలో క్లాస్‌మేట్ల దగ్గరే ఉండిపోయినా నష్టం లేదు. కారు విషయం మొదటి జీతం తర్వాత చూద్దాం, అప్పటిదాకా రెండు ఊళ్ల మధ్యా కనెక్ట్ ట్రాన్సిట్ బస్సులున్నాయి.

ఇక ఆ రెండు రూపాయల వడ్డీ. వినడానికి ఎంత చిన్నగా ఉందో! నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. 5 లక్షలకి నెలకు 10,000. ఆ 5 లక్షలూ ఇక్కడికొచ్చేసరికి 6,000 డాలర్లు కూడా ఉండవు. వడ్డీ కట్టలేకపోతే మూడేళ్లకి నోటు తిరగరాయిస్తారు, అప్పుడు 3 లక్షల 60 వేల వడ్డీ కూడా అసల్లో కలిసి 8 లక్షల 60 వేలకి కొత్త నోటు, దాని మీద మళ్లీ అదే రెండు రూపాయలు. ఇల్లు ఇప్పటికే బ్యాంకు దగ్గరుంది, బ్యాంకు ఇచ్చిన మారటోరియం అయిపోగానే ఆ వాయిదాలు కూడా మొదలవుతాయి. రెండు అప్పులూ ఒకేసారి నాన్నగారి నెత్తిన పడితే ఆయనేం అమ్మాలి?

స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ ఏ రోజుతో ఆగిపోతుందో మీ యూనివర్సిటీని అడగండి, ఆగాక 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్‌లో (హెల్త్ పాలసీలు దొరికే ప్రభుత్వ వెబ్‌సైట్) పాలసీ తీసుకోవాలి. ఎమర్జెన్సీ రూమ్‌కి ఒక్కసారి వెళ్లొస్తే ఆ 2,300 ఏ మూలకూ చాలవు. మొదటి జీతం రాగానే లోన్‌కి సరిపడా మీ పేరున టర్మ్ లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీ చేయించండి. నార్మల్‌కి మారితే పది రోజుల్లోపు ఎస్ఈవీపీ పోర్టల్‌లో (ఓపీటీ మీద ఉన్నవాళ్లు తమ వివరాలు నమోదు చేసే ప్రభుత్వ సైట్) కొత్త అడ్రస్ పెట్టండి, అది 400 గదైనా సరే.